సెయింట్ జేమ్స్ పార్క్‌ని ఉన్నచోటే పెంచండి: న్యూకాజిల్ యునైటెడ్ యాజమాన్యానికి బహిరంగ లేఖ

న్యూకాజిల్ యునైటెడ్ బోర్డు సభ్యులకు, క్లబ్ యజమానులైన సౌదీ పబ్లిక్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్ ప్రతినిధులకు, రూబెన్ కుటుంబానికి,

నమస్కారం.

మన ఫుట్‌బాల్ క్లబ్ మైదానమైన సెయింట్ జేమ్స్ పార్క్‌లో సీట్లు చాలడం లేదని మీకు ఒకరు చెప్పక్కర్లేదు. 52 వేల పైచిలుకు సీట్లున్నాయి, లీగ్ మ్యాచ్ ఏదైనా నిండిపోతాయి. సీజన్ టికెట్ ఉన్నవాళ్లు దాన్ని తాతల ఆస్తిలా కాపాడుకుంటారు. లేనివాళ్లు మెంబర్‌షిప్ కట్టి, బ్యాలెట్ అనే టికెట్ల లాటరీలో పేరు వేసి, మెయిల్ కోసం ఎదురుచూస్తారు. 2025 మార్చి 16న వెంబ్లీలో లివర్‌పూల్‌ని 2-1తో ఓడించి లీగ్ కప్ తెచ్చుకున్నాక ఆ ఎదురుచూపు ఇంకా పెరిగింది. 1955లో ఎఫ్‌ఏ కప్ గెలిచాక ఈ క్లబ్ దేశంలో ఒక పెద్ద కప్పు గెలవడం అదే మొదటిసారి. మధ్యలో డెబ్బై ఏళ్లు. ఆ నెల 29న విజయయాత్ర వీధులు దాటి టౌన్ మూర్ అనే పెద్ద పచ్చిక బయలు చేరేసరికి జనం లక్షల్లో ఉన్నారు. మనవళ్లని భుజాల మీద ఎక్కించుకున్న తాతలు, ఒకే స్కార్ఫ్‌ని ఇద్దరు చుట్టుకున్న పిల్లలు. వాళ్లలో ఎంతమంది స్టేడియం లోపల కూర్చుని ఒక్క మ్యాచైనా చూసి ఉంటారు?

కాబట్టి స్టేడియం పెంచాలన్న దగ్గర మీకూ నాకూ పేచీ లేదు. నేను అడిగేవి రెండు. పెంచేదేదో, పక్కనున్న లీజెస్ పార్కులోకి మార్చకుండా, ఉన్నచోటే పెంచండి. పెరిగిన సీట్లలో ఎవరు కూర్చుంటారో పునాది తవ్వకముందే రాతపూర్వకంగా చెప్పండి.

నేను హైదరాబాద్ నుంచి నార్తంబ్రియా యూనివర్సిటీకి చదువుకోవడానికి వచ్చి, ఇక్కడే ఉద్యోగం దొరికి, ఫెనమ్‌లో స్థిరపడ్డ మనిషిని. పని రాయల్ విక్టోరియా ఇన్ఫర్మరీ ఆస్పత్రిలో. ఈ లేఖ ఇంగ్లీషు ప్రతి మీకు విడిగా పంపాను. తెలుగులో అందరి ముందూ పెట్టడానికి కారణం ఉంది. ఈ ఊళ్లో చదువుకుంటున్న, పనిచేస్తున్న తెలుగువాళ్లు తక్కువమందేమీ లేరు. క్లబ్ విషయాలు ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ల విషయాలనీ, మనకెందుకులే అనీ చాలామంది అనుకుంటారు. పన్నులు ఇక్కడే కడుతున్నాం, పిల్లలు ఇక్కడి బడుల్లోనే చదువుతున్నారు, నలుపు తెలుపు చారల చొక్కాలు వాళ్లూ కొనిపించుకుంటున్నారు. కాబట్టి ఇది మన విషయం కూడా. వాళ్లు చదివి తమ మాట కూడా కలపాలని నా ఆశ.

స్టేడియం ఆకారం గురించి ముందు చెప్పాలి. నది అవతల గేట్స్‌హెడ్ వైపు నుంచి చూస్తే సెయింట్ జేమ్స్ పార్క్ ఒక పక్కకి ఎత్తుగా, ఇంకో పక్కకి పొట్టిగా కనిపిస్తుంది. పడమరన మిల్బర్న్ స్టాండ్, ఉత్తరాన లీజెస్ స్టాండ్ ఆకాశంలోకి లేచి ఉంటాయి. తూర్పు స్టాండ్, దక్షిణాన గాలోగేట్ వైపు తగ్గి ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్లు కట్టడం సగంలో ఆగిపోయిందనుకుంటారు. తూర్పు స్టాండ్ వెనక, రోడ్డు దాటగానే, లీజెస్ టెర్రస్ ఉంది. 1830 ప్రాంతంలో రిచర్డ్ గ్రెయింజర్ కట్టించిన ఇళ్ల వరస. గ్రేడ్ 1 రక్షణ ఉన్న కట్టడం, అంటే దేశం అన్నిటికన్నా పై వరసలో పెట్టి కాపాడుకునేది. దాని వెలుతురుకి అడ్డం రాకూడదు కాబట్టే తూర్పు స్టాండ్ పెరగలేదు. దక్షిణాన స్ట్రాబెరీ ప్లేస్ అనే రోడ్డు, దాని కింద 1982లో తెరిచిన మెట్రో స్టేషన్, సొరంగాలు. స్టేడియం ఎటు పెరగగలిగితే అటు పెరిగింది. నాకు ఆ ఆకారం అంటే ప్రాణం. ఊరికీ ఆటకీ మధ్య వందేళ్లకు పైగా జరిగిన సర్దుబాటంతా అందులో ఉంది.

1880లో అక్కడ మొదటిసారి ఫుట్‌బాల్ ఆడారు. 1892లో, అక్కడ ఆడుతున్న వెస్ట్ ఎండ్ క్లబ్ చేతులెత్తేస్తే, హీటన్‌లో ఉండే ఈస్ట్ ఎండ్ క్లబ్ మైదానాన్ని తీసుకుంది. ఆ ఏడాది డిసెంబర్‌లో పేరు న్యూకాజిల్ యునైటెడ్ అని మార్చుకుంది. అంటే ఈ పేరు పుట్టిందే ఈ మైదానంలో. ఈ పేరుతో క్లబ్ ఇంకెక్కడా సొంత ఇల్లు పెట్టుకోలేదు. మన జట్టు నుంచి చెల్సీకి అమ్ముడుపోయిన హ్యూగీ గాలకర్ 1930 సెప్టెంబర్‌లో ప్రత్యర్థిగా తిరిగి వచ్చిన రోజు 68,386 మంది వచ్చారు. ఇప్పటికీ ఆ రికార్డు చెక్కుచెదరలేదు. అప్పుడు జనం నిలబడి చూసేవాళ్లు కాబట్టి అంతమంది పట్టారు. స్టేడియంలో తొక్కిసలాట జరిగి అభిమానులు చనిపోయిన 1989 హిల్స్‌బరో దుర్ఘటన, దాని మీద టేలర్ నివేదిక తర్వాత పెద్ద స్టేడియాలన్నీ సీట్లకి మారాయి. ఇక్కడ 1990ల మధ్యకి 36 వేల సీట్లే మిగిలాయి. మేనేజర్ కెవిన్ కీగన్ నడిపిన జట్టు దేశాన్ని ఊపేస్తున్న రోజుల్లో టికెట్ దొరక్క ఏడ్చిన పిల్లలు ఇప్పుడు నాతో పనిచేసేవాళ్లలోనే ఉన్నారు. నలభై దాటినా ఆ బాధ చెప్పుకుంటారు.

ఆ రోజుల్లో క్లబ్ ముందు ఇప్పటిలాంటి ప్రశ్నే నిలబడింది. స్టేడియం వెనకనే ఉన్న క్యాజిల్ లీజెస్ పచ్చికలో 55 వేల సీట్ల కొత్త స్టేడియం కడతామన్నారు. ఊళ్లో పెద్ద గొడవే అయింది. అవి శతాబ్దాలుగా ఊరి ఉమ్మడి నేలలు. ఫ్రీమెన్ అనే పాత హక్కుదారులకి అక్కడ పశువులు మేపుకునే హక్కుంది. టౌన్ మూర్‌లో ఇప్పటికీ ఊరి నడిమధ్య ఆవులు మేస్తాయి, మా ఊరి నుంచి వచ్చిన ప్రతి విద్యార్థీ మొదటి వారంలో వాటి ఫొటో ఇంటికి పంపుతాడు. చివరికి క్లబ్ ఆ ఆలోచన మానుకుంది. ఉన్న స్టేడియానికే మిల్బర్న్, లీజెస్ స్టాండ్ల మీద ఇంకో అంతస్తు లేపి 2000 నాటికి 52 వేలకి తెచ్చింది. కుదరదన్న పని కుదిరింది.

ఇప్పుడు మళ్లీ లీజెస్ పార్క్ పేరు వినిపిస్తోంది. 65 వేలో అంతకు మించో సీట్లతో కొత్త స్టేడియం, అందుకు పార్కులో స్థలం. ఏళ్లుగా ఈ మాట పత్రికల్లో వస్తూ పోతూ ఉంది. అభిమానుల్లోనూ దాన్ని కోరుకునేవాళ్లు ఉన్నారు, వాళ్లు తెలివితక్కువవాళ్లేమీ కాదు. వందల గజాల దూరమే కదా, ఊళ్లోనే ఉంటుంది కదా, పార్కు పోయినచోట పాత స్టేడియం జాగాలో ఇంకో పార్కు వేస్తారు కదా అంటారు.

ఆ పార్కు మా ఆస్పత్రికి ఆనుకునే ఉంటుంది. మధ్యాహ్నం చెరువు గట్టున బెంచీల మీద కూర్చున్నవాళ్లలో ఎవరు ఊరివాళ్లో ఎవరు ఆస్పత్రి నుంచి వచ్చారో చూడగానే తెలిసిపోతుంది. ఆస్పత్రి నుంచి వచ్చినవాళ్ల సంచిలోంచి ఫోన్ ఛార్జర్ తీగ వేలాడుతుంటుంది. కాఫీ కప్పు పట్టుకుంటారు, తాగరు. ఊరికే బాతుల్ని చూస్తుంటారు. పిల్లల వార్డులో బిడ్డని నిద్రపుచ్చి పావుగంట బయటికి వచ్చిన తల్లులు, ఆపరేషన్ అయ్యేదాకా లోపల కూర్చోలేక వచ్చిన తండ్రులు. అక్కడికి కారు అక్కర్లేదు, బస్సు అక్కర్లేదు, గేటు దాటితే చాలు. కొత్త పార్కు ఎక్కడ వేసినా పదేళ్ల నిర్మాణం, లారీలు, దుమ్ము పోయాక వస్తుంది. ఆ పదేళ్లలో ఆ బెంచీ అవసరమైన మనుషులు వేరే, పదేళ్ల తర్వాత వచ్చేవాళ్లు వేరే.

ఆ పార్కు ఎలా వచ్చిందో కూడా చూడండి. 1857లో 3 వేల మంది కార్మికులు, మాకు గాలి పీల్చుకోవడానికి, తిరగడానికి ఒక చోటు కావాలని నగర కౌన్సిల్‌కి అర్జీ పెట్టుకున్నారు. పదహారేళ్లకి, 1873లో, పార్కు తెరిచారు. ఈ నగరంలో అదే మొదటి ప్రజా పార్కు. గనుల్లో, ఓడల కార్ఖానాల్లో ఒళ్లు అరగదీసుకున్న ఊరు అది. శనివారం మధ్యాహ్నం ఫుట్‌బాల్ మైదానాన్ని నింపింది కూడా అలాంటి మనుషులే. వాళ్లు అడిగి తెచ్చుకున్న ఒకదాన్ని చెరిపేసి, వాళ్లు కట్టుకున్న రెండోదాన్ని పెద్దది చేస్తామంటే నా మనసు ఒప్పుకోదు.

ఇంకో దారి మీకు తెలియనిది కాదు. గాలోగేట్ వైపు. 2007లోనే అప్పటి యాజమాన్యం ఆ వైపు పెంచి 60 వేలకి తీసుకెళ్తామని ప్రకటించింది. క్లబ్ చేతులు మారాక అది అటకెక్కింది. తర్వాత స్ట్రాబెరీ ప్లేస్ జాగా కూడా అమ్ముకున్నారు. 2023లో మీరు దాన్ని తిరిగి కొన్నప్పుడు ఊరు ఊరంతా సంతోషించింది, నేనూ సంతోషించాను. ఇప్పుడు అక్కడ ఫ్యాన్ జోన్ నడుస్తోంది. ఆ జాగా చేతిలోకి వచ్చాక గాలోగేట్ స్టాండ్‌ని వెనక్కి, పైకి పెంచడానికి ఉన్న పెద్ద అడ్డంకి తొలగింది. మిగిలింది మెట్రో. సొరంగాల మీద బరువు పడకుండా దూలాలు వేయడం ఖరీదైన పనే. కానీ రైలు పట్టాల పక్కన, సొరంగాల మీద కట్టడం ఈ దేశపు ఇంజినీర్లకి కొత్త కాదు. ఖర్చు ఎక్కువ అనడం వేరు, అసాధ్యం అనడం వేరు. ఈ రెంటినీ కలిపి మాట్లాడకండి.

లివర్‌పూల్ వాళ్లని చూడండి. ఆన్‌ఫీల్డ్ చుట్టూ ఇళ్లే. ఒకప్పుడు వాళ్లు కూడా పక్కనున్న స్టాన్లీ పార్కులో కొత్త స్టేడియం కట్టాలనుకున్నారు, అనుమతులు కూడా తెచ్చుకున్నారు. తర్వాత వచ్చిన యజమానులు మనసు మార్చుకున్నారు. పాత మెయిన్ స్టాండ్‌లో మ్యాచ్‌లు నడుస్తుండగానే దాని వెనక కొత్త స్టాండ్ ఉక్కు చట్రం లేపారు, 2016లో తెరిచారు. సుమారు 8,500 సీట్లు పెరిగాయి. తర్వాత ఆన్‌ఫీల్డ్ రోడ్ వైపు కూడా అలాగే కట్టి మొత్తం 61 వేలు దాటించారు. ఆ రెండో పని మధ్యలో, 2023 ఆగస్టులో, కాంట్రాక్టు సంస్థ దివాలా తీసి నెలల ఆలస్యం జరిగింది. అది కూడా మీకు పాఠమే, కాంట్రాక్టరు లెక్కలు ముందే చూసుకోండి. కానీ ఒక్క సీజన్ కూడా వాళ్లు ఇల్లు వదల్లేదు.

ఆ లివర్‌పూల్‌కి ఇంకో మచ్చ ఉంది, అది కూడా చెప్పాలి. విస్తరణ కోసమని 1990ల నుంచి స్టేడియం పక్క వీధుల్లో ఇళ్లు కొని, ఏళ్ల తరబడి ఖాళీగా, కిటికీలకి రేకులు కొట్టి వదిలేశారు. ఏం చేస్తారో చెప్పకపోవడం వల్ల చుట్టుపక్కలవాళ్లు అమ్ముకోలేక, ఉండలేక నలిగిపోయారు. నిర్ణయం నాన్చడం వల్ల జరిగే నష్టం క్లబ్‌కి కనపడదు. పక్కింటివాళ్లకి కనపడుతుంది. లీజెస్ టెర్రస్‌లో, గాలోగేట్ చుట్టూ ఉన్నవాళ్లకి ఆ పరిస్థితి తీసుకురాకండి.

టోటెన్‌హామ్ మాట మీరు ఎత్తుతారని తెలుసు. పాత వైట్ హార్ట్ లేన్‌ని కూల్చి అక్కడే 62 వేల పైచిలుకు సీట్లతో కట్టారు. ఇప్పుడు ఏడాదికి మ్యాచ్ రోజుల మీదే 10 కోట్ల పౌండ్లకు పైగా సంపాదిస్తున్నారు, మన క్లబ్‌కి వచ్చేది అందులో సుమారు సగం. సంపాదించినదాన్ని బట్టే ఖర్చు పెట్టాలన్న నిబంధనలు ఉన్నంతకాలం, యజమాని ఎంత ధనవంతుడైనా క్లబ్ సొంత ఆదాయం పెరగాలి. ఆ లెక్క నాకు అర్థమవుతుంది, దాన్ని కాదనను. అలెగ్జాండర్ ఇసాక్ లాంటి ఆటగాణ్ణి వదులుకోవాల్సి వచ్చినప్పుడు మా గుండెలు ఎలా పగిలాయో మీరూ చూశారు. కానీ టోటెన్‌హామ్‌కి కట్టుకున్నన్నాళ్లూ ఆడుకోవడానికి అదే నగరంలో వెంబ్లీ ఉంది. మనకి దగ్గర్లో ఉన్న పెద్ద స్టేడియం మన చిరకాల ప్రత్యర్థులు సండర్లాండ్ వాళ్లది. అక్కడికి మనవాళ్లు వెళ్లరు, వాళ్లు రానివ్వరు. కాబట్టి ఒక్కో వైపూ పెంచుకుంటూ పోవడమే మన దారి, లివర్‌పూల్ చేసినట్టు.

ఇక రెండో సంగతి. అసలు నన్ను ఈ లేఖ రాయించింది ఇదే.

1990ల మధ్యలో స్టేడియం కట్టడానికి డబ్బు కావాలని క్లబ్ అభిమానులకి బాండ్లు అమ్మింది. ఒక్కోటి 500 పౌండ్లు. కొన్నవాళ్లకి పదేళ్లపాటు తమ సీటు తమదేనన్న నమ్మకం. తర్వాత 2000లో మిల్బర్న్ స్టాండ్ పెరిగింది. పెరిగిన స్టాండ్‌లో, మైదానం మధ్యగీతకి ఎదురుగా ఉండే మంచి సీట్లు కార్పొరేట్ అతిథులకి కావాల్సి వచ్చాయి. అక్కడి బాండుదారులు సహా దాదాపు 4 వేల మంది అభిమానుల్ని వేరే చోటికి జరగమన్నారు. ఏళ్ల తరబడి పక్కపక్కన కూర్చున్నవాళ్లు, ఒకరి చావుబతుకులు ఒకరికి తెలిసినవాళ్లు చెల్లాచెదురయ్యారు. మా సీట్లు కాపాడండి అంటూ ఉద్యమం నడిపారు. ఆరుగురు కోర్టుకెక్కారు. ఓడిపోయారు, అప్పీల్లోనూ ఓడిపోయారు. సీటు మార్చే హక్కు క్లబ్‌కి ఉందని ఒప్పందం షరతుల్లోనే రాసి ఉంది మరి. చట్టప్రకారం క్లబ్‌దే గెలుపు. ఊళ్లో పెద్దవాళ్లని ఎవరినైనా అడగండి, పాతికేళ్లు దాటినా ఆ గెలుపుని ఎవరూ క్షమించలేదు.

అప్పటి యాజమాన్యం వేరు, మీరు వేరు. ఆ తప్పు మీ మీద వేయను. కానీ సీట్లు పెరిగిన ప్రతిసారీ ఎవరికోసం పెంచుతున్నామన్నారో వాళ్లే వెనక్కి జరగాల్సి వస్తోందనడానికి అది ఒక్కటే సాక్ష్యం కాదు. 2016లో లివర్‌పూల్ కొత్త మెయిన్ స్టాండ్‌లో టికెట్ 77 పౌండ్లని ప్రకటించారు. ఫిబ్రవరి 6న, సండర్లాండ్‌తో మ్యాచ్‌లో, 77వ నిమిషానికి వేలమంది లేచి బయటికి నడిచారు. అప్పటికి లివర్‌పూల్ 2-0 ఆధిక్యంలో ఉంది, మ్యాచ్ 2-2తో ముగిసింది. నాలుగు రోజులు తిరక్కుండా యజమానులు క్షమాపణ చెప్పి ధర వెనక్కి తీసుకున్నారు. లండన్‌లో థేమ్స్ ఒడ్డున ఫుల్‌హామ్ తన పాత మైదానంలో కొత్త రివర్‌సైడ్ స్టాండ్ కడితే, అందులో సీజన్ టికెట్ 3 వేల పౌండ్ల దాకా వెళ్లింది. సీట్లు పెరిగాయి నిజమే, పక్క వీధిలో ఉండే పిల్లాడికి మాత్రం ఒక్కటీ దక్కలేదు.

మన పక్క వీధులు ఎలా ఉంటాయో చూశారా? స్టేడియం నుంచి పడమరకి నడిస్తే ఆర్థర్స్ హిల్, ఎల్స్విక్, ఇంకా ముందుకెళ్తే ఫెనమ్. స్టాన్‌హోప్ స్ట్రీట్ దుకాణాల్లో మేం కరివేపాకు, పచ్చిమిర్చి కొనుక్కుంటాం. బంగ్లాదేశీలు, పాకిస్తానీలు, పంజాబీలు, ఈమధ్య మా తెలుగువాళ్లు, మలయాళీలు, ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లు, తరతరాలుగా ఉన్న తెల్లవాళ్లు. శనివారం సాయంత్రం గోల్ పడితే ఆ అరుపు దుకాణం లోపలికి వినిపిస్తుంది. కౌంటర్ దగ్గర చిల్లర లెక్కపెడుతున్న కుర్రాడు తల ఎత్తి, "మనదే" అంటాడు. అరుపుని బట్టి ఎవరు కొట్టారో చెప్పేస్తాడు, ఎప్పుడూ తప్పు పోలేదు. లోపలికి ఎప్పుడైనా వెళ్లావా అంటే లేదంటాడు. పుట్టినప్పటి నుంచి అరమైలు దూరంలో ఉన్నాడు.

మ్యాచ్ రోజుల్లో స్టేడియం బయట అభిమానులు ఫుడ్‌బ్యాంక్ కోసం, అంటే పేదలకి ఉచితంగా తిండి సరుకులిచ్చే సంస్థ కోసం, విరాళాలు పోగుచేస్తారు. మైదానం చుట్టుపక్కల పేదరికం మీ గేటు దాకా వచ్చి నిలబడి ఉంది, ఊరివాళ్లే దానికి చేయి అందిస్తున్నారు. మీరు కట్టబోయే కొత్త సీట్లకి ఈ వీధులతో సంబంధం ఉండాలి.

ధర తగ్గిస్తే వస్తారా అన్న అనుమానం వద్దు. 2022 మే 1న మన మహిళల జట్టు సెయింట్ జేమ్స్ పార్క్‌లో మొదటిసారి ఆడింది. నాలుగో అంచెలో ఆడుతున్న జట్టు, ప్రత్యర్థి ఆల్న్‌విక్ టౌన్. టికెట్లు చౌక. 22,134 మంది వచ్చారు. స్టాండ్ల నిండా అమ్మాయిలు, వాళ్ల చేయి పట్టుకున్న అమ్మమ్మలు. ఆ జనం ఆ రోజు కొత్తగా పుట్టుకురాలేదు. ఊళ్లోనే ఉన్నారు, గేటు తెరిచారు కాబట్టి వచ్చారు.

పైగా ప్రీమియర్ లీగ్‌లో ప్రత్యర్థి జట్టు వెంట బయటి ఊరి నుంచి వచ్చే అభిమానికి 2016 నుంచి 30 పౌండ్ల పరిమితి ఉంది. అంతకు మించి ఏ క్లబ్బూ తీసుకోకూడదు. మన లీజెస్ స్టాండ్ పైఅంతస్తులో, పద్నాలుగు వరసల మెట్లెక్కి రొప్పుతూ చేరుకునే చోట కూర్చునే లండన్ అభిమానికి ఆ రక్షణ ఉంది. ఎల్స్విక్ అబ్బాయికి లేదు. ఒకసారి టికెట్ దొరికి ఆ పైఅంతస్తులోనే, మనవాళ్ల వైపు కూర్చున్నాను. గాలి చెవులు కోసేసింది, ఆటగాళ్లు చేతి వేలంత కనిపించారు. అయినా తూర్పు స్టాండ్ పొట్టిగా ఉండటం వల్ల దాని కప్పు మీదుగా ఊరంతా కళ్లముందు ఉంది. ఆట చూస్తున్న ఊరుని కూడా ఒకే చూపులో చూడగలిగే స్టేడియం ఇంకోటి నేను ఎరగను. ఆ తూర్పు వైపు అలాగే వదిలేయండి, దయచేసి.

మా ఊరి సంగతి ఒకటి చెప్తాను. హైదరాబాద్ ఫుట్‌బాల్ తెలియని ఊరు కాదు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో భారత్‌కి బంగారు పతకం తెచ్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం మా ఊరి పంతులుగారు. ఆ జట్టులో ఆడిన తులసీదాస్ బలరామ్ సికింద్రాబాద్ వాడు. ఆ తరం వెళ్లిపోయాక చాలాకాలం ఊరు ఫుట్‌బాల్‌ని మర్చిపోయింది. 2019లో పుణె ఫ్రాంచైజీ స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. మా తమ్ముళ్లు పసుపు చొక్కాలు వేసుకుని గచ్చిబౌలి స్టేడియానికి వెళ్లారు, పాటలు కట్టుకున్నారు. 2025లో ఆ జట్టు పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్లిపోయింది. గచ్చిబౌలిలో సీట్లు అలాగే ఉన్నాయి. న్యూకాజిల్‌లో అలా జరుగుతుందని నేననను, పార్కులోకి మారడం వేరు, నగరం మారడం వేరు. కానీ జట్టుని నేలనుంచి విడదీయడం యజమానులకి ఎంత సులువో, అభిమానులకి ఎంత ఖరీదో దగ్గరగా చూసినవాళ్లం. అందుకే జట్టు ఆడే నేల గురించి ఎవరు మాట్లాడినా మాకు టెన్షన్ వస్తుంది.

ఇక్కడ ఆ భయానికి కొంత చట్టం అండ కూడా వచ్చింది. 2025లో పార్లమెంటు ఆమోదించిన ఫుట్‌బాల్ గవర్నెన్స్ చట్టం ప్రకారం, క్లబ్ తన మైదానాన్ని అమ్మాలన్నా, వేరేచోటికి మారాలన్నా స్వతంత్ర నియంత్రణ సంస్థ అనుమతి తీసుకోవాలి. అభిమానులతో సంప్రదించాలి. ఆ సంప్రదింపు పేరుకి జరిగే సర్వేలా ఉండకూడదు. సీటు రంగు ఏది ఇష్టం, బర్గర్ ఎంత త్వరగా రావాలి అని అడిగి ఊరుకుంటే అది సంప్రదింపు అనిపించుకోదు.

నేను కోరేవి ఇవి. మీరు చేయించిన సాధ్యాసాధ్యాల నివేదికలు బయటపెట్టండి. వ్యాపార రహస్యాలుంటే ఆ పేజీలు తీసేసి ఇవ్వండి. కానీ గాలోగేట్ పెంచితే ఎన్ని సీట్లు, ఎంత ఖర్చు, మెట్రో వల్ల ఎంత అదనం, పార్కులో కడితే ఎంత, ఈ నాలుగు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూపించండి. జనానికి లెక్కలు అర్థం కావనుకోకండి.

గాలోగేట్ వైపు పని మొదట చేపట్టండి. 60 వేలకి చేరితే ముందు దాన్ని నింపి చూద్దాం. ఇంకా చాలకపోతే మళ్లీ కూర్చుని మాట్లాడుకుందాం, పార్కు ఎక్కడికీ పోదు. పార్కు మీద ఒకసారి కాంక్రీటు పోస్తే మాత్రం అలా అనుకునే వీలుండదు.

పెరిగే సీట్లలో నాలుగో వంతు 21 ఏళ్ల లోపువాళ్లకి, స్టేడియం చుట్టుపక్కల వార్డుల్లో ఉండేవాళ్లకి కేటాయించండి. ధర 30 పౌండ్లు దాటకూడదు, పిల్లలకి అందులో సగం కూడా ఉండకూడదు. అవి కనీసం పాతికేళ్లపాటు కార్పొరేట్ సీట్లుగా మారకూడదు. ఈ మాట ప్రెస్ మీట్‌లో చెప్తే చాలదు. ఇక్కడ పెద్ద కట్టడాలకి ప్లానింగ్ అనుమతి ఇచ్చేటప్పుడు కౌన్సిల్ సెక్షన్ 106 ఒప్పందం రాయించుకునే పద్ధతి ఉంది కదా. స్థానికులకి ఇచ్చే మాటని అలాంటి ఒప్పందంలోనో, అంత గట్టిదైన ఇంకో పత్రంలోనో రాయండి. 2000లో ఆ ఆరుగురు ఓడిపోయింది కాగితంలో ఉన్న మాట వాళ్ల పక్షాన లేకపోవడం వల్లే. ఈసారి కాగితం అభిమానుల పక్షాన ఉండాలి.

స్టేడియం పేరు అమ్మకండి. 2011లో ఒకరు స్పోర్ట్స్ డైరెక్ట్ అరీనా అని బోర్డు మార్చారు. ఒక్క అభిమాని కూడా ఆ పేరుతో పిలవలేదు, ఏడాది తిరక్కుండానే పాత పేరు తిరిగొచ్చింది. దీని మీద ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

అభిమానుల ప్రతినిధులుండే ఫ్యాన్ అడ్వైజరీ బోర్డు రాబోయే సమావేశంలో ఈ అంశాలన్నీ అజెండాలో పెట్టి, ఒక్కోదానికీ అవునో కాదో రాతలో జవాబిచ్చి, ఆ జవాబుని క్లబ్ వెబ్‌సైట్‌లో అందరికీ కనపడేలా ఉంచమని కోరుతున్నాను. పశ్చిమ వార్డుల్లో ఒక సాయంత్రం సమావేశం పెడితే వీధుల్లోవాళ్లని పిలుచుకొచ్చే పని మాది. హాలు దొరక్కపోతే అదీ మేమే చూస్తాం.

హావే ద ల్యాడ్స్ (పదండి కుర్రాళ్లూ).

ఇట్లు,
ఫెనమ్‌లో ఉండే ఒక తెలుగు అభిమాని,
న్యూకాజిల్ అపాన్ టైన్